బొమ్మ గీసిన చెయ్యి ఎవరిది?

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో అడవి మొదలయ్యే చోట ఒక హాస్టల్లో పిల్లలతో కూచుని ఒక బొమ్మ చూశాం. పుస్తకంలోంచి తీయించిన రంగుల కాపీ అది. అసలు బొమ్మ అమెరికాలో, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. హాలెండ్‌లోని హార్లెం పట్టణానికి చెందిన జూడిత్ లేస్టర్ అనే చిత్రకారిణి 1630 ప్రాంతంలో తన బొమ్మ తానే వేసుకుంది. అప్పటికి ఆమె వయసు ఇరవై దాటి ఒకటి రెండేళ్లు. ఆ సాయంత్రం పిల్లలు అడిగిన ప్రశ్నలకు మా దగ్గర సరైన జవాబులు లేవు. వాటిని వెతుక్కుంటూ పోగా తయారైందే ఈ వ్యాసం.

మొదలుపెట్టేముందే రెండు వైపుల నుంచి రెండు అభ్యంతరాలు వస్తాయని మాకు తెలుసు. ఒకటి మన సొంత మనుషుల నుంచి. 'పోడు పట్టాల గొడవ తెగలేదు, వాడలో నీళ్ల తగాదా తీరలేదు, నాలుగు వందల ఏళ్ల కిందటి డచ్చి బొమ్మ మనకెందుకు?' అని. ఇంకొకటి కళను తమ తాతల ఆస్తి అనుకునే వాళ్ల నుంచి. 'దళితులు దళితుల గురించి రాసుకోవచ్చు గదా, యూరప్ చిత్రకళ మీకేం తెలుసు?' అని. మొదటిది ఆకలిలోంచి వచ్చిన ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది. రెండోది అహంకారంలోంచి వచ్చిన ప్రశ్న. మాకేం తెలుసో ఈ వ్యాసం చదివి వాళ్లే తేల్చుకోవచ్చు.

తెల్ల కాలరు సంగతి

ముందు బొమ్మలో ఏముందో చూద్దాం. చూడకుండా సిద్ధాంతం చెప్పే అలవాటు మనలో కూడా ఎక్కువైంది.

ఒక యువతి కుర్చీలో కూచుని, గీస్తున్న పని ఆపి, మన వైపు తిరిగింది. కుర్చీ వెన్ను మీద మోచెయ్యి ఆనించింది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఏదో మాట అనబోతున్నట్టో, ఇప్పుడే అన్నట్టో అనిపిస్తుంది. ఒక చేతిలో రంగుల పలక, దాంతో పాటు గుప్పెడు కుంచెలు. లెక్కపెట్టినవాళ్లు పద్దెనిమిది అన్నారు. ఇంకో చేతిలో ఒక కుంచె. వెనక ఈజిల్ మీద ఇంకా పూర్తికాని బొమ్మ, ఫిడేలు వాయిస్తూ నవ్వుతున్న మనిషిది. ఆమె చేతిలో కుంచె, ఆ మనిషి చేతిలో కమాను, రెండూ పక్కపక్కనే కనబడతాయి. ఆమె ఒంటి మీద ఖరీదైన గౌను. మెడ చుట్టూ భుజాల దాకా పరుచుకున్న తెల్లటి గంజి కాలరు, చేతులకు లేసు.

పిల్లల్లో ఒకమ్మాయి మొదట అడిగింది ఈ కాలరు గురించే. "రంగులు కలిపేటోళ్లు ఇంత తెల్ల బట్ట ఏసుకుంటారా సార్? మా అమ్మ సున్నం ఏసేటప్పుడు పాత చీర కట్టుద్ది."

కళా విమర్శకులు పేజీలకు పేజీలు రాసిన విషయాన్ని ఆ పిల్ల ఒక్క మాటలో పట్టుకుంది. నిజమే, నూనె రంగులతో పని చేసేటప్పుడు ఎవరూ ఆ కాలరు వేసుకోరు. పక్కనే ఉన్న రంగుల పలక ఒక్కసారి తగిలితే చాలు, ఆ లేసు పాడైపోతుంది. అంటే ఇది పని చేస్తున్న మనిషి బొమ్మ కాదు. పని చేసే మనిషి 'నన్ను ఇట్లా చూడండి' అని చెప్పుకున్న బొమ్మ.

ఎందుకట్లా చెప్పుకోవాల్సి వచ్చింది? ఆ కాలంలో హాలెండ్‌లో బొమ్మలు వేసే పని చేతిపనుల్లో ఒకటి. చిత్రకారులు 'సెయింట్ లూక్ గిల్డ్' అనే వృత్తి సంఘంలో సభ్యులుగా ఉండాలి. ఆ సంఘంలో వాళ్లతో పాటు ఇంకా కొన్ని చేతిపనుల వాళ్లూ ఉండేవాళ్లు. 'మేం ఒట్టి పనివాళ్లం కాదు, బుద్ధిజీవులం' అని నిరూపించుకోవాలనే తాపత్రయం పదిహేడో శతాబ్దపు చిత్రకారులందరిలోనూ ఉంది. చిత్రకారుడి బొమ్మ అనే ప్రక్రియ బలపడింది ఆ తాపత్రయంలోంచే. పట్టుబట్టలు, టోపీ, గొలుసు పెట్టుకుని చూసేవాడి వైపు సూటిగా చూస్తూ తమను తాము గీసుకున్నారు. చేతికంటిన మట్టిని దాచిపెట్టి, ఆ చేతికున్న విద్యను మాత్రం చూపించారు.

ఇది మనకు కొత్త సంగతేం కాదు. ఖమ్మం వైపు ఏ వాడకు పోయినా కూడలిలో అంబేడ్కర్ విగ్రహం కనబడుతుంది. నీలం సూటు, టై, చేతిలో పుస్తకం. 'పేదల నాయకుడికి సూటెందుకు?' అని అడిగిన పెద్దమనుషులు ఉన్నారు. గాంధీ అంగవస్త్రంతో తిరగగలిగాడంటే, చొక్కా విప్పినా ఆయన గౌరవం పోదని ఆయనకు తెలుసు కాబట్టి. చొక్కా వేసుకోవడానికే, చెప్పులు తొడుక్కోవడానికే దెబ్బలు తిన్న జాతికి సూటంటే దర్పం కాదు, హక్కు. లేస్టర్ కాలరును కూడా మేం ముందు ఆ వైపు నుంచే చూస్తాం. బొమ్మలు వేయడం మగవాళ్ల పని అనుకునే ఊళ్లో ఒక ఆడమనిషి 'నేను కూడా మాస్టర్నే' అని చెప్పుకోవడానికి ఆ కాలరు కావాల్సి వచ్చింది.

అయితే అక్కడితో ఆగితే అది సగం చూపే అవుతుంది. ఆ కాలరును ఉతికి, గంజిపెట్టి, మడతలు తీర్చిన చెయ్యి ఒకటుంది. ఆ మనిషి ఈ బొమ్మలో లేదు. తన శ్రమకు గౌరవం అడిగే మనిషి కూడా ఇంకొకరి శ్రమను కనబడకుండా చేయగలదు. ఈ రెండూ ఒకే బొమ్మలో ఉన్నాయని గుర్తుపెట్టుకునే మేం ముందుకు పోతాం.

పేరు మారితే ధర పడిపోయింది

లేస్టర్ తండ్రి బట్టల పనివాడు, తర్వాత సారాయి బట్టీ లాంటి బీరు కార్ఖానా పెట్టాడు. ఆ కార్ఖానా పేరే ఇంటిపేరైంది. లేస్టర్ అంటే దారి చూపే చుక్క. 1620ల నడుమ ఆయన దివాలా తీశాడు. 1633లో ఆమె హార్లెం చిత్రకారుల సంఘంలో సభ్యత్వం సంపాదించింది. శిష్యులను పెట్టుకుంది. 1635లో ఒక శిష్యుడు ఆమెను వదిలి, ఊళ్లో పేరు మోసిన ఫ్రాన్స్ హాల్స్ దగ్గరికి వెళ్లిపోతే సంఘానికి ఫిర్యాదు చేసి నష్టపరిహారం అడిగింది. పెద్ద చిత్రకారుడని జంకలేదు. తన బొమ్మల మీద జె, ఎల్ అక్షరాలు కలిపి రాసి, పక్కన ఒక చుక్క గీసేది. అదే ఆమె సంతకం.

1636లో యాన్ మిన్సే మోలెనార్ అనే చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకుంది. ఆ తర్వాత ఆమె పేరుతో దొరికిన బొమ్మలు చాలా తక్కువ. పిల్లలు, సంసారం, భర్త వ్యాపారం. 1660లో చనిపోయింది. భర్త కూడా పోయాక ఆస్తి జాబితా రాసినవాళ్లు ఆమె బొమ్మలను మోలెనార్ భార్యవిగా రాసుకున్నారు. సొంత పేరు పోయి 'ఫలానా వాడి భార్య' మిగిలింది. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా ఆమె బొమ్మల్లో కొన్ని ఫ్రాన్స్ హాల్స్ పేరుతో, కొన్ని భర్త పేరుతో చలామణీ అయ్యాయి. మనం చెప్పుకుంటున్న ఈ బొమ్మ కూడా చాలాకాలం హాల్స్ బొమ్మగానే ఉండిపోయింది.

1893లో సంగతి బయటపడింది. హాల్స్ బొమ్మగా అమ్ముడైన, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఒక చిత్రం మీద హాఫ్‌స్టెడె డి గ్రూట్ అనే పండితుడు ఆ అక్షరాలనూ ఆ చుక్కనూ గుర్తుపట్టాడు. అమ్మినవాళ్లకూ కొన్నవాళ్లకూ మధ్య లండన్‌లో కోర్టు గొడవ నడిచింది. చివరికి ధర తగ్గించి రాజీ చేసుకున్నారు. ఇన్నాళ్లూ ఇంత గొప్ప చిత్రకారిణిని మరిచిపోయామే అని ఆ కోర్టులో ఎవరూ బాధపడలేదు. మా డబ్బు పోయిందనే వాళ్ల గొడవ.

విద్యార్థులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. నిన్నటి బొమ్మే నేటి బొమ్మ. బట్టలో ఒక్క పోగు మారలేదు. రంగులో ఒక్క చుక్క తగ్గలేదు. నిన్నటిదాకా 'ఆహా ఏం చెయ్యి' అన్నవాళ్లకు అదే చెయ్యి ఇవాళ తక్కువగా కనబడింది. మారింది పేరు ఒక్కటే. 'మేం ప్రతిభను మాత్రమే చూస్తాం' అని చెప్పే ప్రతి చోటా ఈ కథ చెప్పాలి. ఇంటిపేరు తెలియనంతసేపు బాగుందన్న పాట, పద్యం, జవాబు పత్రం, ఇంటిపేరు తెలిశాక వేరే రకంగా కనబడటం మనకు బాగా తెలిసిన అనుభవం. ప్రతిభను తూచే తక్కెడలో ముందే ఒక రాయి వేసి ఉంటుంది. ఆ కోర్టు గొడవలో ఆ రాయి అందరికీ కనబడింది, అంతే తేడా.

అయినా ఒక హెచ్చరిక చేయాలి. లేస్టర్ కథ విన్నప్పుడల్లా 'అచ్చం మన కథే' అనేస్తున్నారు కొందరు మిత్రులు. అచ్చం కాదు. ఆమె పేరు మళ్లీ ఎట్లా దొరికింది? చిత్రకారుల సంఘం రిజిస్టరులో ఆమె పేరుంది. ఆమె పెట్టిన ఫిర్యాదు కాగితం ఉంది. బొమ్మ మీద సంతకం ఉంది. ఆమెను మరిచిపోయిన సమాజమే ఆమె గురించి కాగితాలు దాచిపెట్టింది. సంఘం తలుపు ఆడవాళ్లకు ఇరుకైనదే, కానీ పూర్తిగా మూసెయ్యలేదు. మన దగ్గర పుట్టుకతోనే తలుపు మూసేశారు. మన మనుషుల పేర్లు రాసిన రిజిస్టరు ఏది? వెట్టి లెక్కల్లో, అప్పు పత్రాల్లో వేలిముద్రగా తప్ప మన తాతలు కాగితమెక్కిందెక్కడ? పోగొట్టుకున్న పేరును వెతకడం వేరు, అసలు రాయనే రాయని పేరును వెతకడం వేరు. రెండోదానికి వేరే పద్ధతి కావాలి.

నాగులవంచ లెక్కల పుస్తకం

ఇప్పుడు 'ఆ బొమ్మ మనకెందుకు' అన్న మొదటి ప్రశ్నకు వద్దాం. డచ్చివాళ్లు మనకు దూరపువాళ్లేం కాదు. 1605-06 నాటికే వాళ్ల ఓడలు మచిలీపట్నం చేరాయి. మనవాళ్లు వాళ్లను వలందులన్నారు. బందరులో వలందపాలెం అనే పేట పేరు ఇంకా ఉంది. అక్కణ్ణుంచి లోపలికి వచ్చి, ఇవాళ్టి ఖమ్మం జిల్లా చింతకాని మండలంలో ఉన్న నాగులవంచలో ఒక వర్తక కొఠీ పెట్టారు. 1660ల చివరి నుంచి 1687 దాకా అది నడిచింది. ఔరంగజేబు సైన్యం గోల్కొండను పడగొట్టిన ఆ ఏటి అల్లకల్లోలంలో మూతపడింది. ఇప్పుడు కాజీపేట-విజయవాడ లైన్లో రైలెక్కేవాళ్లు నాగులవంచ స్టేషన్ బోర్డు చూస్తూనే పోతుంటారు. లేస్టర్ చనిపోయిన పదేళ్ల లోపల ఆమె దేశపు వర్తకులు మన ఊళ్లో బట్టల మూటలు కట్టిస్తున్నారన్నమాట.

ఏం కొన్నారు? ముఖ్యంగా బట్ట. గోల్కొండ రాజ్యంలో నేసిన ముతక బట్టా, సన్న బట్టా, నీలిమందుతో, చిరివేరు ఎరుపుతో అద్దిన బట్టా. వర్తకుడి చేత నేతగాడికి ముందే బయానా ఇప్పించి, మగ్గాన్ని అప్పుకు కట్టేయించి, సరుకు తీసుకున్నారు. ఆ బట్ట ఆగ్నేయాసియాకు పోయి మిరియాలైంది, లవంగాలైంది. కొంత ముతక బట్ట పడమటి ఆఫ్రికా తీరానికి పోయి మనుషులను కొనే డబ్బైంది. ఇంకొంత ఆమ్‌స్టర్‌డాం పోయి ధనవంతుల ఇళ్లల్లో పరుపు మీద దుప్పటైంది, గోడకు తెరైంది, ఒంటి మీద అంగీ అయ్యింది. డచ్చి బొమ్మల్లో కనబడే సుఖం వెనక ఈ వ్యాపారం ఉంది. ఆ బొమ్మలు కొనగలిగిన మధ్యతరగతిని తయారు చేసిన డబ్బులో మన మగ్గాల వాటా ఉంది. అందుకే ఆ బొమ్మను చూసే హక్కు మనకు ఎవరో ఇవ్వాల్సిన పని లేదు. ఎప్పుడో ధర కట్టేశాం.

ఆ బట్ట నేసినవాళ్లెవరు? సాలెలు, దేవాంగులు మాత్రమే కాదు. తెలుగు నేల మీద ముతక బట్ట నేసింది చాలా చోట్ల మాలలు. షెడ్యూల్డ్ కులాల జాబితాలో 'మాల సాలె, నేతకాని' అనే పేరు ఇవాళ్టికీ ఉంది. మగ్గం పోయినా కులం పేరులో మగ్గం మిగిలింది. కంపెనీ లెక్కల పుస్తకం రాసుకుంది మూటలెన్ని, కొలతెంత, ధరెంత అని. దళారీ వర్తకుల పేర్లు అక్కడక్కడా రాసుకుంది. నేసిన చెయ్యి పేరు రాసుకోవాల్సిన అవసరం దానికి లేదు.

అదే కాలంలో గోల్కొండలో యూరోపియన్లకు అమ్మడం కోసం రాజుల బొమ్మల ఆల్బంలు తయారు చేశారు. వాటిలో ఒకటి, 1686 ప్రాంతపుది, ఆమ్‌స్టర్‌డాం మేయరుగా చేసిన నికోలాస్ విట్సెన్ చేతికి చేరింది. నలభై తొమ్మిది బొమ్మలున్న ఆ ఆల్బం ఇప్పుడు ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియంలో ఉంది. అన్నీ పాలకుల ముఖాలు. రాజు ఎవరో చెప్పగలం, గీసినవాడెవడో చెప్పలేం. రెంబ్రాంట్ అంతటివాడు మొఘల్ బొమ్మలు ముందు పెట్టుకుని వాటిని చూస్తూ గీసుకున్నాడు, 1656, 1661 మధ్య. రెంబ్రాంట్ గీసిన ఆ కాగితాల గురించి పుస్తకాలున్నాయి. ఆయనకు నమూనా ఇచ్చిన చేతులు మాత్రం పేరు లేనివిగానే ఉండిపోయాయి.

భద్రాచలం సంగతీ ఇంతే. అదే శతాబ్దం, అదే గోల్కొండ. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, తానీషా చెరసాలలో పడ్డాడని మనకు చిన్నప్పటి నుంచి చెప్తారు. ఏ నగకు ఎన్ని వరహాలయ్యాయో లెక్క చెప్పే ఆయన కీర్తన తెలుగిళ్లలో అందరికీ తెలుసు. ఆ నగ కొట్టిన కంసాలి పేరు అందులో లేదు. రాయి మోసిన కూలీ లేడు. ఆ వరహాలు శిస్తు రూపంలో కట్టిన రైతు, అడవి సరుకు మోసుకొచ్చిన కోయ అసలే లేరు. అడవిలో దేవుడి విగ్రహాలను మొదట చూసిందని చెప్పే పోకల దమ్మక్క కథలో మొదటి పేజీలోనే వచ్చి రెండో పేజీకల్లా తప్పుకుంటుంది. ఆ తర్వాత కథంతా తహసీల్దారుది, నవాబుది.

మూడు రకాల జ్ఞాపకాలు చూశాం. డచ్చి లెక్కల పుస్తకం, గోల్కొండ ఆల్బం, గుడి కీర్తన. భాషలు వేరు, మతాలు వేరు. పని చేసిన మనిషిని వదిలేయడంలో మూడూ ఒకటే.

పడిగె మీద సంతకం ఉండదు

ఇక్కడే మేం కూడా తొందరపడి ఒక తప్పు చేయబోయాం. సంతకం లేని ప్రతి బొమ్మా దోపిడీకి గుర్తే అని రాసుకున్నాం. అడవి వైపు పోయి కోయల పడిగెలు చూశాక ఆ మాట సవరించుకోవాల్సి వచ్చింది.

కోయల ఇలవేల్పుల జాతరల్లో పడిగెలు బయటికి తీస్తారు. పొడుగాటి బట్ట మీద ఆ గట్టు మూలపురుషుల కథ బొమ్మలుగా ఉంటుంది. డోలి కళాకారులు వాయిద్యం మీద ఆ కథ పాడతారు. పడిగె మీద ఎవరి సంతకమూ ఉండదు. ఎందుకంటే అది ఒకరి సొమ్ము కాదు. ఏ గట్టు వాళ్ల పడిగె ఏదో, ఎవరి ఇంట్లో ఉండాలో, ఎవరు తీయాలో, ఎవరు పాడాలో ఆ మనుషులందరికీ తెలుసు. పేరు బట్ట మీద లేదు గాని ఊరి నోట్లో ఉంది. అక్కడ సంతకం లేకపోవడం ఎవరినీ చెరిపేయడం కాదు.

మరి చెరిపివేత ఎప్పుడు మొదలవుతుంది? ఆ బట్ట ఊరు దాటినప్పుడు. కొన్నేళ్ల కింద ఒక పట్నం ప్రదర్శనలో ఇట్లాంటి బట్ట ఒకటి చూశాం. కింద చీటీ మీద 'గిరిజన కళ' అని ఉంది. సేకరించిన పెద్దమనిషి పేరు అచ్చక్షరాల్లో ఉంది. ఏ గట్టుదో లేదు, ఏ ఊరిదో లేదు, దాన్ని చూసి పాడేవాళ్లెవరో లేదు. అదే హాల్లో పక్క గోడ మీద పట్నం చిత్రకారుల బొమ్మలన్నింటికీ పేరు, పుట్టిన సంవత్సరం, చదివిన కాలేజీ ఉన్నాయి. ఒక గోడ మీద మనుషులు, ఇంకో గోడ మీద తెగ. ఊళ్లో ఉన్నప్పుడు ఆ బట్టకు ఊరంత పేరుంది. గోడకెక్కిన రోజున అనామకమైంది.

దీన్ని మ్యూజియం వాళ్ల మీదకు నెట్టి చేతులు కడుక్కోలేం. దళిత పరిశోధకులం మేం కూడా ఈ పని చేశాం. క్యాసెట్ల కాలంలో జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్ల దగ్గరా, డోలి వాళ్ల దగ్గరా గంటలకు గంటలు రికార్డు చేసుకున్నాం. ఇంటికొచ్చి చూస్తే క్యాసెట్ మీద ఊరు పేరు, తేదీ ఉన్నాయి, పాడినామె పేరు లేదు. అగ్రవర్ణ పండితుల మీద మేం పెట్టే కేసు మా బీరువాలోనే దొరికింది. పైగా ఇంకో సంగతుంది. కోయల పడిగెల గురించి కోయలు చెప్పాలి. అణగారిన వాళ్లమనే పేరుతో మనం వాళ్ల తరఫున పెత్తనం తీసుకుంటే అది కూడా ఒక చిన్న జమీందారీయే. మన వాడకూ వాళ్ల గూడేనికీ మధ్య బట్ట, డప్పు, గింజలు, మాట నడిచిన పాత సంబంధం ఉంది. తగాదాలూ ఉన్నాయి. రెండూ ఒప్పుకుని మాట్లాడాలి.

2022లో కేంద్రం ఇచ్చిన పద్మశ్రీల్లో తెలంగాణ నుంచి రెండు పేర్లు మనకు ముఖ్యమైనవి. ఒకటి మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య. సమ్మక్క సారలమ్మ కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడినవాడు. రెండోది పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు దర్శనం మొగిలయ్య. ఆ ఏడు దేశమంతా వాళ్ల ముఖాలు చూసింది, పేర్లు విన్నది. పేపర్లో పెద్ద ఫొటోలు వచ్చాయి. అవి కూడా ఒక రకం చిత్రకారుల బొమ్మలే. రామచంద్రయ్య రెండేళ్లకే, 2024 జూన్‌లో కన్నుమూశారు. అదే 2024లో మొగిలయ్య కూలి పని చేస్తున్నాడని వార్తలొచ్చాయి. పతకం పేరును నిలబెట్టింది, కడుపు నింపలేదు. పేరు రాయడం అవసరమే, కానీ అదొక్కటే చాలదని ఈ ఇద్దరి బతుకులు చెప్తున్నాయి.

ఇంకో ప్రమాదం ముందుంది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఊళ్లకు ఊళ్లు కాలనీలకు తరలుతున్నాయి. పడిగె బట్టను మూట కట్టుకుని తీసుకుపోవచ్చు. అది నిలబెట్టే చోటును, అది తిరిగే దారిని, స్నానానికి పోయే వాగును మూట కట్టలేం. ఊరి నోట్లో ఉన్న పేరు, ఊరే చెదిరిపోతే ఎక్కడుంటుంది? ఇన్నాళ్లూ రాయాల్సిన అవసరం లేని పేర్లను ఇప్పుడు రాయాల్సి వస్తున్నది ఇందుకే.

మళ్లీ బొమ్మ దగ్గరికి

లేస్టర్ బొమ్మ గురించి చివరి సంగతి ఒకటి ఉంది. పండితులు దాన్ని ఇన్‌ఫ్రారెడ్ పద్ధతిలో పరీక్షించారు. పైపొర రంగు కింద ఏముందో ఆ పద్ధతిలో తెలుస్తుంది. ఈజిల్ మీద ఫిడేలు మనిషి ఉన్న చోట ఆమె మొదట ఒక యువతి ముఖం గీసిందని తేలింది. అది ఆమె ముఖమే అయ్యుండొచ్చని చాలామంది అభిప్రాయం. తర్వాత దాని మీద రంగు వేసి ఫిడేలు మనిషిని గీసింది. అట్లాంటి సరదా మనుషుల బొమ్మలకు అప్పట్లో గిరాకీ ఉంది, వాటిలో ఆమెకు పేరుంది. ఇట్లా చూస్తే బొమ్మలో బొమ్మ ఆమె అంగట్లో చూపించిన సరుకు.

హాస్టల్లో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పిల్లవాడు, "అంటే తన మొఖం తనే కొట్టేసుకుందా సార్?" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేం అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెప్తాం. ఒక ముఖం కొట్టేసింది, ఇంకో ముఖం ఉంచుకుంది. బొమ్మ లోపలి ముఖాన్ని అంగడికి ఇచ్చింది. కుంచె పట్టుకుని మన వైపు తిరిగిన ముఖాన్ని ఎవరికీ ఇవ్వలేదు. పని చేసి బతికేవాళ్లందరూ ఏదో ఒకచోట ఈ బేరం ఆడాల్సి వస్తుంది. పట్నంలో ఉద్యోగం కోసం ఇంటిపేరు మింగేసిన మనవాళ్లు, అద్దె ఇంటి కోసం కులం మార్చి చెప్పిన మనవాళ్లు ఈ బేరం ఆడినవాళ్లే. వాళ్లను తప్పుపట్టే హక్కు మాకు లేదు. ఏది ఇవ్వచ్చు, ఏది ఇవ్వకూడదు అన్న లెక్క మాత్రం ఎవరికి వాళ్లు వేసుకోవాలి.

ఇంతకీ 'డచ్చి బొమ్మ మనకెందుకు' అని అడిగినవాళ్లకు మా జవాబు ఇది. ఒక పేరు ఎట్లా పోతుందో, ఎవరి లాభం కోసం పోతుందో, ఏ ఆధారంతో తిరిగొస్తుందో ఆ బొమ్మ చరిత్రలో అడుగడుగునా కాగితాలతో సహా కనబడుతుంది. మన దగ్గర కాగితాలు లేవు కాబట్టి, అవి ఎందుకు లేవో తెలుసుకోవడానికి, ఇకనైనా ఉండేలా చూసుకోవడానికి అది పనికొస్తుంది.

అందుకే ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఒక పని అప్పగిస్తున్నాం. ఈ ఎండాకాలం సెలవుల్లో ఎవరి ఊళ్లో వాళ్లు తిరగండి. మగ్గం ఆగిపోయిన ఇళ్లు, డప్పు కట్టే ఇళ్లు, బుట్టలల్లే ఇళ్లు, కథ చెప్పే ఇళ్లు, పడిగె దాచుకున్న ఇళ్లు. ముందు అడగండి. రాయొద్దంటే రాయకండి, ఆ వద్దన్న మాటకు కూడా విలువ ఉంది. సరేనంటే పేరు రాయండి. నేర్పినవాళ్ల పేరు, వాళ్లకు నేర్పినవాళ్ల పేరు, మూడు తరాలు. ఆడవాళ్లదైతే 'ఫలానా వాడి భార్య' అని రాయకండి, ఆమె పేరే రాయండి. రాసింది వాళ్లకు చదివి వినిపించి, ఒక కాపీ వాళ్లింట్లోనే పెట్టి రండి. మా బీరువాలోని పాత క్యాసెట్లు తీసి, పాడినవాళ్ల పేర్లు వెతికి రాసే పని మేం ఇప్పటికే మొదలుపెట్టాం. కొందరు దొరికారు. కొందరు చనిపోయారు, వాళ్ల పిల్లలు దొరికారు. ఒక ముసలమ్మ తన గొంతు తానే విని, 'అది నేనే గదా' అన్నది. ఆ క్యాసెట్ మీద ఇప్పుడు ఆమె పేరుంది.